పట్టుపోగు, స్పాండెక్సు పోగు

పట్టుకు పేరున్న శిడ్లఘట్ట నుంచి మా బడికొచ్చే ఒకమ్మాయి క్లాసులో అడిగింది: "పట్టు అంత గట్టిది కదా సార్, దాంతో ఈత దుస్తులెందుకు కుట్టరు?" కుట్టారు. 1930లలో పోటీల ఈతగాళ్ళు పట్టు సూట్లు తొడిగేవాళ్ళు. అంతకు ముందున్న ఉన్ని సూట్ల కంటే అవి ఎంతో తేలిక.

అయితే పట్టుకు నీళ్ళంటే ఇష్టం. గాలిలో తేమ 65 శాతం ఉంటే చాలు, పట్టు తన బరువులో దాదాపు 11 శాతం నీటిని పీల్చుకుంటుంది. నూలు 8, నైలాన్ 4, పాలియెస్టర్ అర శాతం లోపే. బావిలో దూకిన పిల్లల నూలు నిక్కర్లు నీళ్ళు పట్టి బరువెక్కి కిందికి జారుతాయి.

ఈత దుస్తులు ఒంటికి అతుక్కోవాలంటే సాగాలి కూడా. నాకు అసలు అబ్బురం ఆ సాగుడు దగ్గరే. పట్టుగూటిని వేడినీళ్ళలో వేస్తే జిగురు వదులై, వందల మీటర్ల పోగు ఊడివస్తుంది. ఆ పోగులోని ప్రోటీన్ గొలుసు కొన్నిచోట్ల పక్క గొలుసులతో బిగుసుకుని స్ఫటికమవుతుంది, మిగతాచోట్ల వదులుగా ఉంటుంది. బిగువు నుంచి బలం, వదులు నుంచి కాస్త సాగుడు. 1958లో డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ తయారుచేసిన సాగే కృత్రిమ పోగు స్పాండెక్సులోనూ ఇదే ఏర్పాటు, పాళ్ళు మాత్రం తారుమారు. ఇందులో వదులు భాగమే ఎక్కువ. ఆ పొడవాటి భాగాలు చిక్కుపడ్డ దారపు ఉండల్లా ముడుచుకుని ఉంటాయి. లాగితే నిటారవుతాయి. వదిలేస్తే, వేడివల్ల అణువులు ఎడతెగక కదులుతూనే ఉంటాయి కనుక, ఆ కదలికే వాటిని మళ్ళీ ముడిచేస్తుంది. గట్టి భాగాలు గొలుసులను ఒకదానిపై ఒకటి జారిపోనివ్వవు. అందుకే పట్టు అయిదో వంతు సాగేసరికి తెగితే, స్పాండెక్సు అయిదారు రెట్లు సాగి కూడా వెనక్కొస్తుంది. ఇంత అందమైన యంత్రం కంటికి కనిపించకుండా ఒక పోగులో ఉందంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒట్టి స్పాండెక్సుతో సూటు కాదు. నైలాన్‌లోనో పాలియెస్టర్‌లోనో కొంత కలిపి, చీరలా పడుగూపేకలతో నేయకుండా, ఉచ్చులుగా అల్లుతారు. అల్లిక ఎటైనా సాగుతుంది. కొలను నీళ్ళలోని క్లోరిన్ స్పాండెక్సు గొలుసులను మెల్లగా తెంచేస్తుంది కాబట్టి, రోజూ సాధన చేసేవాళ్ళకు పూర్తి పాలియెస్టర్ సూట్లే మన్నుతాయి.

తర్వాత సూట్లు చేసే సంస్థల మధ్య పోటీ ముదిరింది. 2008లో స్పీడో సంస్థ స్పాండెక్సు జాతికే చెందిన ప్లాస్టిక్, పాలీయురెథేన్ పలకలు అతికించిన సూటు తెచ్చింది. మరుసటి ఏడాది ప్రత్యర్థులు ఏకంగా పూర్తి పాలీయురెథేన్ సూట్లే దించారు. ఆ ఏడాది రోమ్ ప్రపంచ ఈత పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. దాంతో 2010 నుంచి అంతర్జాతీయ ఈత సమాఖ్య బట్టతో చేసిన సూట్లనే అనుమతించింది. మంచి పనే చేసింది.