మోటారు సైకిలు నెక్కు రైతునకు రక్షణ జీన్సు

ఒకప్పుడు డోను చుట్టుపట్ల పల్లెలనుండి పట్టణమునకు రావలెనన్న ఎద్దులబండి కట్టుటయో, కాలినడకన బయలుదేరుటయో, రైలుబండికై వేచియుండుటయో జరుగుచుండెను. నేడు ఎరువుల మూట, మందుడబ్బా, పాలక్యాను, చివరకు మరమ్మతునకు తెచ్చు పంపుమోటారుసైతము మోటారు సైకిలు మీదనే వచ్చుచున్నవి. వెల్దుర్తివైపుగాని, ప్యాపిలివైపుగాని పోవువానికి హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి తప్పదు. బేతంచెర్ల బాటలోనో నాపరాళ్ల లారీలు రాల్చిన రాతిపొడి మలుపులవద్ద పేరుకొని యుండును. దానిపై ముందుచక్రము జారినచో మొదట నేలను తాకునవి మోకాలును తుంటియును.

పట్టణపు ఉద్యోగికి మోకాలు చెక్కుకొనిపోయిన నాలుగు దినములు సెలవు దొరకును. రైతునకు అట్లు గాదు. తొలకరి పదను వానికొరకు ఆగదు. మోకాటిచిప్ప గాయపడినవాడు మడక పట్టలేడు, గట్టెక్కలేడు, పాలు పితుకుటకు కూర్చుండలేడు. పుండులో మన్నుపడి చీముపట్టినచో గాయము వారములకొలది మానదు. కాబట్టి మన సభ్యులు నిత్యము వాహనముపై ధరించు పంట్లామునుగూర్చి కొంత యోచింపవలసి యున్నది.

తలనుగూర్చి చట్టమే చెప్పుచున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను హెల్మెట్టును నిర్బంధము చేసినది. 2021 జూను 1వ తేదీనుండి ఐ.ఎస్.ఐ. ముద్రలేని హెల్మెట్టు అమ్ముట నిషిద్ధము. నడుమునకు దిగువభాగమునుగూర్చి మాత్రము ఆ చట్టము రైతును ఏమియు నడుగదు. అది వాడు తానే చూచుకొనవలసినది.

జీన్సు దళసరి గుడ్డ గదా, అదియే చాలునని పలువురు తలంచెదరు. ఈ నమ్మకము ఎట్లు వచ్చెనో ఊహింపవచ్చును. జీన్సుగుడ్డ ప్రత్తినూలుతో ఏటవాలుగా నేసినది. పడుగునకు నీలిరంగు వేసి పేకను తెల్లగా నుంచెదరు. (ఆ నీలిమందును ఒకప్పుడు మన కడపసీమ విరివిగా పండించి ఎగుమతి చేసెడిది.) 1873లో అమెరికాలో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనువారు ఇట్టి పంట్లాముల జేబులకు లోహపు రివిట్లు బిగించుటకు పేటెంటు పొందిరి. కష్టము చేయు కూలివాండ్రకొరకు పుట్టిన బట్ట గావున అది ముల్లునకును మేకునకును సులభముగా చినుగదు. కాని చినుగకుండుట వేరు, రాపిడికి నిలుచుట వేరు. బేతంచెర్లలో నాపరాతి పలకలను నునుపుచేయు యంత్రమును చూచినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు. రాతినే అరగదీయు రాపిడి యెదుట నూలుగుడ్డ యెంతసేపు నిలుచును?

దీనిని లెక్కవేసి చూడవచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 11 మీటర్లు. ఆ వేగమున పొడి తారురోడ్డుపై పడిన మనుష్యుడు సుమారు 9 మీటర్లు, అనగా 30 అడుగులు జారి నిలుచును. అందుకు సెకనున్నరకు పైగా పట్టును. వేగము 60 అయినచో జారు దూరము సుమారు 20 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లు మాత్రమే పెరిగినను జారుడు రెండురెట్లకు మించినది. పరీక్షాయంత్రములపై మామూలు జీన్సుగుడ్డ సాధారణముగా సెకను నిండకముందే చిల్లిపడును. మిగిలిన కాలమంతయు చర్మమే రోడ్డుపై రాచుకొని పోవునన్నమాట. పాలియెస్టరు, నైలాను ట్రాకుప్యాంట్ల సంగతి ఇంకను దుర్భరము. అవి రాపిడివేడికి కరగి పుండులో అంటుకొనగలవు.

ఈ కొఱతను తీర్చుటకే రక్షణ జీన్సులు వచ్చినవి. పైకి అవి మామూలు జీన్సువలెనే యుండును. తేడా నూలులో నున్నది. 1965లో డూపాంట్ కంపెనీయందు పనిచేయుచుండిన స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు కనుగొన్న పోగు కెవ్లార్ అను పేరున ప్రసిద్ధికెక్కెను. ఈ జాతి పోగులను అరమిడ్ అందురు. అవి కరగవు, మిక్కిలి వేడిమికిగాని మాడవు. రెండవజాతి డైనీమా మొదలగు పేర్లతో అమ్ముడగు పోగు. అది మన పాలిథీన్ సంచి కులమునకే చెందినదైనను బలమున దానికిని దీనికిని పోలికయే లేదు. బరువు తక్కువ, తాకిన చల్లగా నుండును, రోడ్డుపై గరుకున పట్టుకొనక జారును. సుమారు 145 డిగ్రీల వేడిమికి కరగుట దాని లోపము. దీనిని ప్రత్తినూలుతో కలిపి ఒకే పొరగా నేసిన జీన్సులు ఇప్పుడు దొరకుచున్నవి. అరమిడ్ పోగును తఱచుగా లోపల అస్తరుగా కుట్టెదరు.

మోసమునకు తావిచ్చునది ఈ అస్తరే. "కెవ్లార్ జీన్సు" అని పైన చీటీ యుండును. లోపలివైపు త్రిప్పిచూచినచో మోకాటివద్ద జానెడు ముక్కయు, పిరుదులవద్ద మరొక ముక్కయు మాత్రమే కానవచ్చును. తొడ వెలిభాగము ఉత్త నూలుగుడ్డయే. కావున కొనునప్పుడు పంట్లామును తిరగవేసి, అస్తరు ఎక్కడనుండి ఎక్కడివరకున్నదో చేతితో తడవి చూడవలెను. కుట్టుపనియు చూడుడు. తొడ వెలిప్రక్కను, పిరుదులవద్దను ఒంటికుట్టు ఉన్నచో ఎంతటి పోగైనను ప్రయోజనము లేదు. కుట్టు తెగినచో గుడ్డ నోరు తెరచును. రెండు మూడు వరుసల కుట్టు ఉండవలెను.

దుకాణదారు మాటకన్న లోపలి చీటీ నమ్మదగినది. ఐరోపాదేశములవారు 2020లో ఈ.ఎన్. 17092 అను ప్రమాణమును ప్రకటించిరి. మోటారు సైకిలు బొమ్మతోడను, సి.ఈ. ముద్రతోడను ఉండు చీటీపై తరగతి వ్రాసియుండును. మూడు ఏ-లున్నది అన్నిటికన్న గట్టిది, రెండు ఏ-లది మధ్యమము, ఒక ఏ కలది వేడిదేశములకును నగర ప్రయాణములకును తేలికగా కుట్టునది. బి తరగతి రాపిడికి ఏ తరగతివంటిదే గాని అందు మోకాటి దిండ్లు రావు. సి తరగతి దిండ్లను పట్టియుంచుటకు మాత్రమే. అది రాపిడికి పనికిరాదు. చీటీయే లేనిదానిని ఏ పేరు చెప్పి అమ్మినను మామూలు జీన్సుగానే యెంచి, మామూలు వెలయే ఇయ్యవలెను.

ఇక ఏ తరగతి కొనవలెను? మూడు ఏ-లదే మేలు గదా యని తోచును. మా అభిప్రాయము వేరు. ఏప్రిల్, మే మాసములలో డోను ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి ఎండలో దళసరి అస్తరుగల పంట్లామును వారము దినములు తొడిగి, ఎనిమిదవనాడు చిలుకకొయ్యకు తగిలించి, పాత పంచె కట్టుకొని బండి ఎక్కువారే ఎక్కువ. చిలుకకొయ్యనున్న పంట్లాము ఎవరి మోకాలిని కాపాడదు. నిత్యము పొలమునకును, పాలకేంద్రమునకును, మార్కెట్టునకును 40, 50 వేగముతో పోవువానికి ఒంటిపొర నేతగల రెండు ఏ-ల జీన్సు దొరకిన అది ఉత్తమము. లేనిచో ఒక ఏ-దియు చాలును. దినమును జాతీయ రహదారిపై కర్నూలువరకు పోయి వచ్చువాడు మాత్రము రెండు ఏ-లకు తగ్గరాదు.

గుడ్డ చర్మమును కాపాడును. దెబ్బనుండి ఎముకను కాపాడునవి దిండ్లు. వీటికి ఈ.ఎన్. 1621-1 అను వేరు ప్రమాణము కలదు. నిర్ణీతమైన దెబ్బ వేసినపుడు దిండు దాటి వచ్చు బలము సగటున 35 కిలోన్యూటనులకు మించనిది ఒకటవ మెట్టు, 20కి మించనిది రెండవ మెట్టు. చిన్న సంఖ్యయే మేలు గనుక రెండవ మెట్టు కోరవలెను. దిండుపై టీ అక్షరమును కూడిక గుర్తును ఉన్నచో అది 40 డిగ్రీల వేడిమియందును పరీక్షింపబడినదని అర్థము. మన సీమవారు ఈ గుర్తును వెదకుట మంచిది. తుంటివద్ద ఉత్త జేబు మాత్రమే కుట్టి దిండు నియ్యనివి పెక్కులున్నవి, అడిగి తీసికొనుడు. ఐనను దిండు ఎముక విరుగదని పూచీ ఇయ్యదు. లారీ తాకిడికి ఏ పంట్లామును నిలువదు.

నిలుచుండి తొడిగి అద్దములో చూచి కొనరాదు. కూర్చుండి మోకాలు వంచినపుడు కాలు పైకి లాగుకొనును, దిండు తొడమీదికి ఎక్కును. దుకాణము వెలుపల నున్న తమ బండిపైననే కూర్చుండి, కిక్కు తొక్కి, బ్రేకు నొక్కి చూడవలెను. అప్పుడు దిండు సరిగా మోకాటిచిప్పపై నుండవలెను. చేతితో ప్రక్కకు త్రోసిన జరుగరాదు. దిండు జేబును పైకి క్రిందికి సర్దుకొను వీలున్నవి మరింత మేలు. పొడవు రెండంగుళములు ఎక్కువగానే యుండనిండు.

ఇంత వ్యయముచేసిన ఫలమున్నదా యని సభ్యులు అడుగవచ్చును. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతమున ప్రమాదమునకు లోనైన 212 మంది చోదకులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితములలో, మోటారు సైకిలు పంట్లాము ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసివచ్చుట తక్కినవారికన్న సుమారు సగమునకు తగ్గినట్లు తేలెను. ఆ పరిశీలనయందే, ప్రమాదమున చిక్కిన అట్టి పంట్లాములలో నూటికి 28 గుడ్డ పాడై విఫలమైనట్లును తేలినది. పేరు చూచి కొనక చీటీ చూచి కొనుడని మేము ఇంతగా చెప్పుటకు కారణమిదియే.

వీటి వెల వేలలో నుండును. అందరికిని ఒక్కసారి సాధ్యము గాదు. చేతిలో కొద్దిసొమ్మే యున్నచో మొదట మంచి హెల్మెట్టు, పిమ్మట చెప్పులకు బదులు చీలమండను కప్పు బూట్లు, ఆ తరువాతనే జీన్సు. అంతవరకు మామూలు పంట్లాముపై పట్టీలతో బిగించుకొను మోకాటి కవచములు వాడవచ్చును. పొలము గట్టుననే విప్పి బండికి తగిలించి పనిలో దిగవచ్చుట వీటియందలి సుఖము. తుంటికి మాత్రము రక్షణ లేదు. వెనుక కూర్చుండు స్త్రీలకు జీన్సు మాట పొసగదు గాని, 1989 కేంద్ర మోటారు వాహన నియమములలోని 123వ నియమము ప్రకారము వెనుకచక్రమును సగమునకు తగ్గకుండ కప్పు అడ్డు ఉండితీరవలెను. గడ్డిమోపులు కట్టుటకు అడ్డమని దానిని ఊడదీసి పారవేయుట మన పల్లెలలో కానవచ్చుచున్నది. చీరకొంగును, పంచెకుచ్చెళ్లను చక్రమున పడకుండ ఆపునది ఆ అడ్డే.

కొన్న జీన్సును ఉదుకుటకు ముందు దిండ్లను తీసివేయవలెను. బ్లీచింగు పొడి తగులనీయరాదు. అది అరమిడ్ పోగును కొరికివేయును. ఎండయు దానికి పడదు గనుక లోపలివైపు వెలికి త్రిప్పి మిద్దెపై ఆరవేయు వాడుకను మాని నీడను ఆరవేయుడు. డైనీమా కలిసినదానికి కాగిన ఇస్త్రీ పెట్టరాదు. ఒక్కసారి రోడ్డుపై జారిన పంట్లామును అతుకు వేయించి మరల బండిపై తొడుగరాదు. దిండ్లు చిట్లక యున్నచో వేరొకదానిలో వేసికొనవచ్చును. ఆ పంట్లాము చేనిపనికి ఇంకను రెండేండ్లు వచ్చును.