విగ్రహములతో తీసిన యుద్ధచిత్రము

చలనచిత్రము పుట్టకముందు జరిగిన యుద్ధమునకు డాక్యుమెంటరీ తీయుట యెట్లు? ఒకప్పుడు సినిమాహాళ్లలో అసలు బొమ్మకు ముందు ప్రభుత్వమువారి వార్తాచిత్రములు చూచిన తల్లిదండ్రులకు డాక్యుమెంటరీ యన కొత్త కాదు. అందు జరిగినదానినే చూపవలెను. సైనికులు కదలుచుండగా తీసిన బొమ్మ యొక్కటియు లేనప్పుడు చూపునదేమి? ఈ చిక్కును 1955లో అమెరికాలోని ఎం.జి.ఎం. సంస్థవారు విప్పిన తీరు మా విద్యార్థులు తెలిసికొనదగినదని తలంచుచున్నాము.

బానిసత్వమును గూర్చిన తగవు ముదిరి అమెరికాలోని ఉత్తర, దక్షిణ రాష్ట్రములు 1861 మొదలు 1865 వరకు పోరాడినవి. 1863 జూలై 1, 2, 3 తేదీలలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి గెట్టిస్‌బర్గు అను చిన్న పట్టణముకడ ఉత్తరసేనకు మీడ్, దక్షిణసేనకు లీ నాయకులై తలపడిరి. మూడవనాడు దక్షిణసైనికులు పన్నెండువేలమందికి పైగా, చాటులేని పొలమును ముప్పాతిక మైలు దాటి ఎదుటి గట్టుపైకి నడచిరి. వారిలో దాదాపు సగము మంది మడిసిరి, గాయపడిరి లేక పట్టుపడిరి. లీ వెనుదిరిగెను. మూడు దినములలో ఇరువైపుల నష్టపడినవారు ఇంచుమించు 51,000.

‘ది బ్యాటిల్ ఆఫ్ గెట్టిస్‌బర్గ్’ అను ఆ చిత్రము ముప్పది నిమిషములది. దర్శకుడు హెర్మన్ హాఫ్‌మన్. ఇందు నటులెవ్వరును కానరారు. ఆ పొలములు, రాతిగోడలు, ఫిరంగులు, తరువాతి కాలమున అచట నిలిపిన విగ్రహములు మాత్రమే కనబడును. వాని వెనుక యుద్ధపు చప్పుళ్లు, లెస్లీ నీల్సన్ వ్యాఖ్యానము వినబడును.

మాకీ పద్ధతి నచ్చుటకు కారణము కలదు. ఆ యుద్ధమునకు ఫోటోలు లేకపోలేదు. పోరు ముగిసిన కొద్దిదినములకే అలెగ్జాండర్ గార్డ్‌నర్ తన తోడివారితో అచటికి చేరెను. నాటి కెమెరాలో రసాయనము పూసిన తడి గాజుపలకను కొన్ని క్షణములు వెలుగునకు తెరచి యుంచినగాని బొమ్మ పడదు. కనుక పరుగిడు సైనికుడు పటమున కెక్కడు, కదలని శవమెక్కును. అట్లు తీసినవానిలో, బండల నడుమ పడియున్న దక్షిణసైనికుని బొమ్మ మిక్కిలి ప్రసిద్ధము. 1975లో విలియం ఫ్రాసనీటో అను పరిశోధకుడు పాత బొమ్మలను, అచటి బండలను పోల్చిచూచి, ఆ శవమునే ముందు వేరొకచోట ఫోటో తీసి, పిదప బండల నడుమకు మోసికొనివచ్చి, తుపాకి చేర్చి మరల తీసిరని చూపెను. విగ్రహము తాను విగ్రహమనియే చెప్పుకొనును. ఈ ఫోటో నూరేండ్లకు పైగా తన గుట్టు దాచెను.

అంతటితో ఆగక గార్డ్‌నర్, 1866లో అచ్చువేసిన తన గ్రంథమున, నవంబరులో మరల పోగా ఆ సైనికుని అవశేషములును తుపాకియు అచటనే యుండెనని వ్రాసెను. యుద్ధానంతరము జ్ఞాపకవస్తువులకై పొలమంతయు గాలించినవారు ఆ తుపాకిని నాలుగు నెలలు తాకక విడిచిరనుట మేము నమ్మజాలము.