ఆరు జాతుల దేశములో మూడువారములు



యాత్ర యనినంతనే మన ఇండ్లలోని పెద్దలకు కాశీరామేశ్వరములు స్ఫురించుట సహజము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి బయలుదేరి, పరివారముతో పల్లకీలలో పదునైదు నెలలకు పైగా కాశీయాత్ర చేసి, దారిలోని ఊళ్లను, నీళ్లను, ధరలను సైతము విడువక వ్రాసియుంచిరి. చిన్ననాడు ఆ గ్రంథమును మా తండ్రిగారు నాచేత చదివించిరి. నాటినుండి ప్రయాణవృత్తాంతము లనిన నేను చెవి కోసికొందును. ప్రయాణములు మాత్రము పెద్దగా చేసినదానను గాను. తాండూరు, వికారాబాదు, అనంతగిరి, ఎప్పుడైన హైదరాబాదు: ఇంతే నా భూమండలము.

అందుచేత టొరాంటోలో నుండు మా వదినెగారు ఈ వేసవిలో కోట్‌పల్లికి వచ్చి పదిదినము లుండుట నాకు పండుగయైనది. ఆమె 2025 ఫిబ్రవరి మార్చి నెలలలో దక్షిణ అమెరికా ఖండమునందలి గయానాదేశమును మూడువారములపాటు, పదునొకండుగురు సహయాత్రికులతో, మార్గదర్శిని వెంట చూచి వచ్చినది. సాయంకాలములందు మా జలాశయము కట్టమీద కూర్చుండి ఆమె చెప్పినదియు, ఆమె చిన్నపుస్తకములో వ్రాసికొన్నదియు, పిదప నేను చదివి తెలిసికొన్నదియు కలిపి ఇచ్చట వ్రాయుచున్నాను.

"కాశిని చూడనిదానవు, ఆ యడవిదేశమునకు పోవలసిన పని యేమి వచ్చెనే?" యని మా అత్తగారు మొదటి దినముననే అడిగిరి. వదినెగారు నవ్వి, "అత్తయ్యగారూ, టొరాంటోలో మా యింటి ప్రక్కవారు గయానావారే. మన పూర్వులు మదరాసునుండి పోయినారని చెప్పుదురు. వారి యింట కరివేపాకును 'కరపులే' యందురు. ఆ మాట విన్ననాటినుండి నాకు నిద్ర పట్టలేదు" అనినది.

గయానా మన తెలంగాణమునకు వైశాల్యమున దాదాపు రెట్టింపు. జనులు మాత్రము 2012వ సంవత్సరపు లెక్కలలో ఏడున్నర లక్షలు. అందు నూటికి నలువదిమంది మనదేశమునుండి పోయినవారి సంతతి, ముప్పదిమంది ఆఫ్రికావారి సంతతి. తక్కినవారు అచ్చటి ఆదివాసులు, పోర్చుగీసువారు, చీనావారు, ఐరోపావారు, వీరందరి కలయికవలన పుట్టినవారు. అందుచే దానిని ఆరు జాతుల దేశ మందురు. హోలీ, దీపావళి, బక్రీదు, క్రిస్మసు నాలుగును అచ్చట ప్రభుత్వపు సెలవుదినములే. ఆ ఖండములో ఇంగ్లీషు రాజభాషగాగల స్వతంత్రదేశ మిది యొక్కటియే. 1966 మే 26వ తేదీని స్వాతంత్ర్యము వచ్చినది.

ప్రయాణమునకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. పచ్చజ్వరపు టీకా పదిదినములు ముందుగా వేయించుకొని పత్రము దగ్గర నుంచుకొనవలెను. ఆ దేశమునుండి తిన్నగా మన దేశమునకు వచ్చువారిని ఆ పత్రము లేకున్న విమానాశ్రయమున నిలిపివేయుదురు.

ముఖ్యపట్టణమైన జార్జిటవును, సముద్రము పోటుమీద నున్నప్పటి నీటిమట్టముకంటె పల్లమున నున్నది. ఊరికిని సముద్రమునకును నడుమ పొడవైన గోడ కలదు. కాలువల చివరల డచ్చివారి కాలమునుండి వచ్చిన తూము లున్నవి. వానిని 'కోకర్లు' అందురు. మా కోట్‌పల్లి తూము నీటిని పొలమునకు ఇచ్చునది. ఆ తూము ఊరిలోని నీటిని బయటకు పంపునది. ఆటు వచ్చినప్పుడు తెరచి, పోటు వచ్చినప్పుడు మూయవలెను. మూయువాడు నిద్రపోయిన ఊరు మునుగును. ఇండ్లు చాలవరకు కొయ్యవి, స్తంభములమీద నిలిపినవి. సెయింటు జార్జి దేవాలయము నూటనలువది అడుగుల యెత్తున్నను అదియు కొయ్యతో కట్టినదే. తాండూరు నాపరాళ్ల మధ్య పుట్టిపెరిగిన మాకు ఇది వింతగా తోచినది. ఫిబ్రవరి 23 వారి గణతంత్రదినము. ఆనాడు వీధులలో రంగురంగుల వేషములు, వాద్యములు. ఆ సందడిలో వదినెగారి చెప్పు ఒకటి పోయినదట.

అచ్చటినుండి చిన్న విమానములో కయటూరు జలపాతమునకు పోయిరి. విమాన మెక్కుటకు ముందు పెట్టెను మాత్రమే గాక మనుష్యులను గూడ తూచుదురు. పదిమందిలో తన బరువు పలుకునప్పటికి సిగ్గుతో తల వంచుకొంటినని ఆమె చెప్పగా మేము కడుపుబ్బ నవ్వితిమి. పొటారో యను నది 741 అడుగుల యెత్తునుండి ఒక్క దూకుగా పడును. మన కుంతాల జలపాతమువంటివి అయిదు ఒకదానిపై నొకటి పేర్చిన అంత యెత్తగును. అంచున కంచె లేదు. అచ్చటి మొక్కల ఆకుల నడుమ నిలిచిన నీటిలో బొటనవ్రేలి గోరంత బంగారువన్నె కప్పలు కాపురముండును. మార్గదర్శిని వానిని చూపకున్న ఎవరును చూడజాలరట. దారి చూపువారు వెంటనుండుట యెందులకో ఆ కప్పను చూచినప్పుడు తెలిసినదని వదినెగారి మాట.

ఆ మార్గదర్శిని ఇరువదియైదేండ్ల మకూషి కన్య. మకూషులు దక్షిణమున రూపునూని పచ్చికబయళ్ల ఆదివాసులు. యాత్రికులు మరల విమాన మెక్కి, బ్రెజిలు సరిహద్దున నున్న లెథెము చేరి, అచ్చటినుండి ఎఱ్ఱమట్టి బాటను వాహనములలో ఉత్తరమునకు వచ్చిరి. మనిషికంటె ఎత్తైన చెదపుట్టలు, వానిని త్రవ్వు పెద్ద చీమలతిండి మృగములు, దారిపొడవున కనబడినవట. కరనాంబు అను పశువుల క్షేత్రమున డయాన్ మెక్టర్కు అను స్త్రీ, తల్లిలేని పెద్ద నీటికుక్కపిల్లలను ఏండ్ల తరబడి పెంచి మరల నదిలో విడిచెడిది. ఆమె 2016లో గతించినది. పులులను, ఏనుగులను పెంచినవారి కథలు మనకు చాల గలవు గాని, నీటికుక్కల తల్లిని గూర్చి నేను వినుట ఇదియే మొదలు.

ఇక వంటయింటి ముచ్చట. ఇది చెప్పకున్న నాకు తృప్తి లేదు.

ఆ దేశపు ఆదివాసులకు అన్నము కర్రపెండలము. అందు చేదురకము విషము గలది. దానిని చెక్కు తీసి తురిమి, 'మటపీ' యను పొడవైన అల్లిక గొట్టములో కూరుదురు. ఆ గొట్టమును దూలమునకు వ్రేలగట్టి, క్రింది కొసకు కర్ర దూర్చి, స్త్రీ ఆ కర్రమీద కూర్చుండును. ఆమె బరువునకు అల్లిక సాగి సన్నగిల్లి, విషపురసమంతయు క్రింది పాత్రలోనికి కారును. మిగిలిన పిప్పిని జల్లించి పెనముమీద పెద్ద రొట్టెగా కాల్చి ఎండబెట్టుదురు. రసమును పారబోయరు. నల్లగా చిక్కబడువరకు మరిగించినచో విషము విరిగిపోయి 'కసరీపు' అను తీపికారపు పాకమగును. మాంసము తినువారు దానిలో నుడికించిన కూరను దినదినము మరిగించుచు చాలదినములు నిలువ చేయుదురట. విషమును తీయుట యొక విద్య. తీసిన విషమును వంటకముగా మార్చుట అంతకంటె గొప్పవిద్య. దీనిని కనిపెట్టిన అవ్వ పేరు ఏ గ్రంథమునందును లేదు.

మన వేసవి సగ్గుబియ్యపు వడియములు ఈ కర్రపెండలమునుండి వచ్చినవే. ఆ దుంప, మిరప, వేరుసెనగ, జామ, జీడిమామిడి, అన్నియు ఆ ఖండమునుండి మనకు వచ్చినవి. మన పూర్వకావ్యములలో భోజనవర్ణనలు చదువునప్పుడు కారమునకు మిరియములే కనబడుట కారణమిదియే. మా అత్తగారు మాత్రము మిరపకాయ పరదేశపుదన్న మాటను నేటికిని నమ్మరు.

వదినెగారు శాకాహారిణి. ఒక బసలో రెండుపూటలు అన్నము, ఉడికిన బటాణీలు తప్ప మరేమియు దొరకలేదు. ముందుగా చెప్పినను విననివారు ఎక్కడను గలరు. అరనాపుట యను గ్రామము వేరుసెనగకు పేరుపొందినది. ఆ ప్రాంతమున స్త్రీలు వేరుసెనగను వేయించి నూరి, ముద్దచేసి, కర్రపెండలపు రొట్టెతో బడిపిల్లలకు పెట్టు ఏర్పాటు చేసికొనిరట. ఈ మాట విని మావారు పాఠశాల పుస్తకములు దిద్దుట ఆపి, రొట్టెకు ముద్ద యెంత అని అడిగిరి.

పిమ్మట ఇవోక్రామ యను మహారణ్యము. 1996లో ఏర్పరచిన రక్షితారణ్యము. దాదాపు తొమ్మిదిలక్షల యెకరములు. నూరడుగుల యెత్తున చెట్ల తలలమీదుగా త్రాటివంతెనలు గలవు. ఉదయమున అరచు కోతుల రొద విని పెనుగాలి వచ్చినదని తోటివారు లేచిరట. అచ్చటినుండి ఎసెక్విబో మహానదిని బల్లకట్టుమీద దాటి, ఒడలు హూనమైన యొక రోజు ప్రయాణముతో తిరిగి సముద్రతీరము చేరిరి.

యాత్రాసంఘమువారి పట్టికలో చివరి అయిదుదినములు ఇంతే వ్రాసియున్నది: "బెర్బీసు తీరము, చెరకుతోటలు, విశ్రాంతి." వదినెగారు పోయినది ఆ యొక్క పంక్తి కొరకు.

1838లో బానిసత్వపు చివరి ముడి విడిపోవుకాలమునకే చెరకుతోటల దొరలు మనదేశమువైపు చూచిరి. ఆ సంవత్సరము జనవరిలో కలకత్తానుండి బయలుదేరిన విట్‌బీ, హెస్పెరసు అను రెండోడలు మేనెలలో గయానా చేరినవి. 1845 మొదలు మదరాసు రేవునుండియు ఓడలు సాగెను. అవి కొన్నాళ్లు ఆగుచు, కొన్నాళ్లు సాగుచు నుండెను. 1917 వరకు మొత్తము రెండులక్షల ముప్పదియెనిమిదివేలకు పైగా జనులు పోయిరి. మదరాసు ఓడలవారు సుమారు పదునైదువేలు. అందు అరవవారితో పాటు తెలుగువారును గలరు. అచ్చట అందరికిని 'మదరాసీలు' అను నొక్కటే పేరు. అయిదేండ్ల ఒడంబడిక. గడువు తీరిన పిమ్మట తిరిగి వచ్చినవారు మూడవవంతునకు లోపే. తిరుగుప్రయాణపు కడపటి ఓడ 1955లో వచ్చినది.

స్త్రీలు మొదట మిక్కిలి తక్కువ. పిదప నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నియమము పెట్టిరి. ఆ సంఖ్య నింపుటకై దళారులు తీర్థములలో, సంతలలో ఒంటరి స్త్రీలను వెదకిరి. వితంతువులు, ఇల్లు వెడలినవారు, కరవునకు తాళలేనివారు, మోసపోయినవారు, తెలిసియే సాహసించినవారు, అందరును వారిలో నుండిరి. గాయత్రా బహదూరుగారు 2013లో ప్రకటించిన గ్రంథమున తన ముత్తవ్వ 1903లో, నిండుకాని గర్భముతో, భర్త తోడు లేక క్లైడు అను ఓడనెక్కిన కథను వెదకి వ్రాసిరి. ఆ ముత్తవ్వ బిహారు స్త్రీ. మన తెలుగు అవ్వలను గూర్చి అట్టి గ్రంథము వచ్చిన బాగుండును.

బెర్బీసులో ఆ దినము ఫాల్గుణపూర్ణిమ. ఊరంతయు రంగునీళ్లు. మధ్యాహ్నము గుడిలో తామరజాతి మొక్క పెద్దయాకున అన్నము, ఏడుకూరలు వడ్డించిరి: గుమ్మడి, వంగ, ఆకుకూర, మామిడి తుదిగా గలవి. పప్పు మన కందిపప్పు కాదు, బటాణిపప్పు. తాండూరు కందులు మూటగట్టి తీసికొనిపోకుంటినే యని వదినెగారు వగచినది. అచ్చటి మదరాసీలు కాళికమ్మను, మారియమ్మను కొలుతురు. పూజలో తప్పెట మ్రోగును.

ఎనుబదియేండ్లు దాటిన ముదుసలి యొకతె వదినెగారి బొట్టు, చీర చూచి, చేయిపట్టుకొని తన యింటికి తీసికొనిపోయినది. మాట ఇంగ్లీషు యాసలోనే. తెలుగు ఒక్కముక్క రాదు. పెట్టెలోనుండి యొక కాగితపు నకలు తీసినది. జార్జిటవునులోని వాల్టరు రాడ్నీ జాతీయ పత్రభాండాగారమునుండి మనుమడు తెచ్చినది. ఆమె అవ్వ ఓడయెక్కినప్పటి చీటీ. పేరు, వయస్సు 22, ఎత్తు, చేతిమీది మచ్చ, జిల్లా విశాఖపట్టణము. భర్త పేరుండవలసినచోట గీత. "ఈ యూరు నీకు తెలియునా? మా వాళ్లెవరైన నున్నారా?" యని అడిగినదట.

వదినెగారికి బదులు రాలేదు. బండి బయలుదేరు వేళయైనదని మార్గదర్శిని రెండుసారులు పిలిచినది. జలపాతమువద్ద రెండుగంటలు నిలుచుటకు పట్టికలో చోటుండెను గాని, ఆ పెట్టెముందు అరగంట కూర్చుండుటకు లేదు. ఈ విధమైన యాత్రలమీద నాకు గల ఫిర్యాదు ఇదొక్కటే. పోదలచినవారు చివర రెండుదినములైన తమ చేతిలో నుంచుకొని పొండు.

ఆ చీటీకి తీసిన ఛాయాపటము ఇప్పుడు మా యింటనున్నది. మావారు, నేను భూతద్దముతో మూడురాత్రులు చదివితిమి. ఊరి పేరు మొదటిభాగము దొరగారి గుమాస్తా వ్రాతలో కలిసిపోయినది. చివర 'వలస' యని మాత్రము స్పష్టముగా నున్నది. శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము ప్రాంతములలో వలస యను తుదిగల గ్రామములు చాల నున్నవని మావారు పటమునందు చూచి చెప్పిరి. స్త్రీ పేరు మన ఇండ్లలో నేటికిని వినబడునదే. ఎడమచేతి మోచేతిక్రింద కాలిన మచ్చ యని వ్రాసినారు.

ఆ ప్రాంతపు సోదరీమణులలో ఎవరి యింటనైన, నూరేండ్ల క్రిందట ఒక ఆడపడుచు మదరాసు పోయి తిరిగి రాలేదను మాట పెద్దలనోట వినియుండిన, ఈ పత్రిక సంపాదకులకు ఒక కార్డు వ్రాయవలెనని వేడుకొనుచున్నాను. వచ్చే వర్షాకాలములో వదినెగారు మరల బెర్బీసు పోవుచున్నది. ముదుసలి కనిపెట్టుకొనియున్నది.