తలుపు మూసుకున్న శిఖరం

నాలుగు దశాబ్దాల నిషేధంతో నందాదేవి కోలుకుంది. కింది ఊళ్ల లెక్కే ఇంకా తేలలేదు

నందాదేవిని ఎలా ఎక్కాలో పర్వతారోహకులకు తెలుసు. ఎక్కడానికి అనుమతి లేదు, అంతే. ఉత్తరాఖండ్ చమోలి జిల్లాలోని ఈ 7,816 మీటర్ల శిఖరం పూర్తిగా భారత భూభాగంలో ఉన్నవాటిలో అత్యంత ఎత్తయినది. కాంచనజంగ దీన్ని మించినదే అయినా అది నేపాల్‌తో సరిహద్దు పంచుకుంటోంది.

ఎక్కడం కంటే శిఖరం పాదం చేరుకోవడమే ఇక్కడ పెద్ద పరీక్ష. చుట్టూ కోటగోడలా పర్వతాల వలయం. దానికి ఉన్న ఒకే గండి రిషిగంగ లోయ. నిట్టనిలువు రాతిగోడల మధ్య నది ఉరికే ఆ ఇరుకు దారిని 1934లో బ్రిటిష్ పర్వతారోహకులు ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ ముగ్గురు షెర్పాలతో కలిసి ఛేదించారు. రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, టిల్మన్, నోయెల్ ఓడెల్ దక్షిణ రిడ్జ్ మీదుగా శిఖరం చేరారు. 1950లో అన్నపూర్ణను అధిరోహించేదాకా మనిషి ఎక్కిన అత్యంత ఎత్తయిన శిఖరం ఇదే.

లాతా గ్రామం నుంచి ధరాన్సీ కనుమ, దేవ్‌డీ, రమణీల మీదుగా లోయ లోపలికి వెళ్లే ఆ దారే తర్వాతి బృందాలకూ దిక్కయింది. 1964లో భారత బృందానికి చెందిన నవాంగ్ గోంబు, దావా నోర్బు రెండోసారి శిఖరం చేరారు. 1976లో భారత-అమెరికా బృందం వాయవ్య ముఖం, ఉత్తర రిడ్జ్‌ల మీదుగా కొత్త మార్గం వేసింది. ఆ విజయం వెంటే విషాదమూ వచ్చింది. ఈ కొండ పేరే పెట్టుకున్న అమెరికన్ యువతి నందాదేవి అన్‌సోల్డ్ పై శిబిరంలో కన్నుమూశారు. 1981లో రేఖా శర్మ, హర్షవంతి బిష్ట్, చంద్రప్రభా ఐత్వాల్ శిఖరం మీద నిలిచారు.

ఈ చరిత్రలో ఒక రహస్య అధ్యాయమూ ఉంది. 1964లో చైనా అణుపరీక్ష జరపడంతో దాని ఆయుధ పరీక్షలపై కన్నేసేందుకు అమెరికా సిఐఎ, భారత నిఘా విభాగం 1965లో ప్లుటోనియంతో నడిచే పరికరాన్ని శిఖరంపై అమర్చబోయాయి. వాతావరణం తిరగబడటంతో బృందం దాన్ని మధ్యలోనే వదిలి దిగివచ్చింది. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే అది లేదు. 1978లో గుట్టు రట్టయి, ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ పరికరం ఇప్పటికీ దొరకలేదు.

1974లో విదేశీయులకు తలుపులు తెరవగానే బృందాలు వరస కట్టాయి. వంటచెరకు కోసం పొదలు నరికారు, చెత్త పేరుకుంది, కస్తూరి మృగాలు వేటగాళ్ల పాలయ్యాయి. చివరికి 1982లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని జాతీయోద్యానంగా ప్రకటించింది. శిఖరారోహణ ఆగింది. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. 1993లో సైన్యం నేతృత్వంలో లోపలికి వెళ్లిన శాస్త్రవేత్తలు పచ్చదనం తిరిగి వస్తోందని గుర్తించారు.

అయితే ఈ మూల్యం చెల్లించిందెవరు? లోయ ముఖద్వారంలోని లాతా, రేణీ గ్రామాల భోటియాలు. వేసవి మేత భూములు పోయాయి, మూలికలు ఏరుకునే హక్కు పోయింది, బరువులు మోసి, దారి చూపి సంపాదించుకునే నాలుగు డబ్బులూ పోయాయి. 1974లో చెట్లను కౌగిలించుకుని చిప్కో ఉద్యమానికి ఊపిరి పోసిన గౌరాదేవిది ఈ రేణీయే. అడవిని కాపాడినవారినే అడవి నుంచి దూరం పెట్టారన్న ఆగ్రహంతో గ్రామస్థులు 1998లో నిషిద్ధ ప్రాంతంలోకి మూకుమ్మడిగా ప్రవేశించారు. దరిమిలా 2003లో పరిమిత సంఖ్యలో ట్రెక్కర్లకు ధరాన్సీ దాకా అనుమతి లభించింది. శిఖరానికి మాత్రం కాదు.

దాంతో ఆసక్తిగలవారి చూపు జంట శిఖరం నందాదేవి ఈస్ట్ వైపు మళ్లింది. ఎత్తు 7,434 మీటర్లు. కుమావూఁ వైపు మున్సియారి మీదుగా, 1939లో పోలండ్ బృందం తొలిసారి ఎక్కిన దక్షిణ రిడ్జ్ దానికి ప్రధాన మార్గం. అదీ సులువేం కాదు. తన జీవితంలో కష్టతరమైన ఆరోహణ అదేనని టెన్సింగ్ నోర్గే చెప్పేవారు. 2019లో దాని సమీపంలోని పేరులేని శిఖరంపై హిమపాతం ఎనిమిది మందిని బలిగొంది.

2021 ఫిబ్రవరి 7న రోంటి శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు కూలి రిషిగంగ లోయను ముంచెత్తాయి. 200 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. అణు పరికరమే కారణమేమోనని ఊళ్లలో అనుమానాలు రేగాయి. కొండచరియ విరిగిపడటమే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. పర్వతారోహకులను నిషేధించిన లోయలోనే జలవిద్యుత్ కేంద్రానికి మాత్రం అనుమతి ఎలా వచ్చిందన్న ప్రశ్న అలాగే మిగిలింది. వరద ధాటికి తుడిచిపెట్టుకుపోయిన ఆ 13.2 మెగావాట్ల కేంద్రం ఉన్నది రేణీ దగ్గరే.

శిఖరాన్ని తిరిగి తెరవాలన్న వాదన కొత్తది కాదు. కొద్దిమందికి, కఠిన నిబంధనలతో తెరిస్తే పరువేమీ పోదన్నది ఒక వాదన. ఒకసారి తెరిస్తే జనాన్ని అదుపు చేయలేమన్నది మరో వాదన. రెండింట్లోనూ పస ఉంది. కానీ 1982లో తలుపు మూసినప్పుడు లాతాను ఎవరూ అడగలేదు. తెరిచేటప్పుడైనా మొదట అడగాల్సింది ఆ ఊరినే.