పదే పదే గర్భం పోతోందా? హార్మోన్ల పాత్ర ఎంత?

రెండుసార్లు గర్భం నిలవకపోతే చాలు, "బరువు ఎత్తావా? బొప్పాయి తిన్నావా?" అని ఆమెనే అడుగుతారు. కానీ మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి.

మరి హార్మోన్లు? గర్భసంచి లోపలి పొరని నిలిపి ఉంచేది ప్రొజెస్టెరాన్. అది తక్కువగా ఉందని రిపోర్ట్ వస్తే, అదే కారణం అనుకోకండి. పిండం ఎదుగుదల ఆగిపోయినా ఆ లెవెల్ పడిపోతుంది. 2019లో బ్రిటన్‌లో వచ్చిన ప్రిజమ్ స్టడీ చూడండి. అంతకుముందు మూడు, అంతకన్నా ఎక్కువసార్లు గర్భం పోయి, ఈసారి బ్లీడింగ్ అవుతున్నవాళ్లలో ప్రొజెస్టెరాన్ వాడినవాళ్లకి 72 శాతం, డమ్మీ మందు వాడినవాళ్లకి 57 శాతం మందికి బిడ్డ దక్కింది. అంటే అది అందరికీ కాదు, కొందరికి పనిచేస్తుంది అన్నమాట.

థైరాయిడ్, షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా రిస్క్ పెరుగుతుంది. వీటికి మందులున్నాయి. అందుకే రెండోసారి పోయాక, మూడోదాకా ఆగకండి. టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ టెస్టులు, అలాగే రక్తం గడ్డకట్టే సమస్యకి చేసే ఏపీఎస్ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి. భర్తలూ, మీరూ వెంట వెళ్లండి. ఇందులో తప్పు ఆమెది కాదు.