సూరత్‌లో తెలుగు బడి పిల్లలు: చదవడం వచ్చిందో లేదో ఏ కొలతతో తేల్చాలి?

సూరత్‌ మరమగ్గాలనూ బట్టల మార్కెట్లనూ నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. వారిలో పద్మశాలీలు ఎక్కువ. నగరపాలక సంస్థకు చెందిన నగర్‌ ప్రాథమిక్‌ శిక్షణ్‌ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మరి అక్కడ మూడో తరగతి చదివే తెలుగు పిల్లకు చదవడం వచ్చిందని చెప్పాలంటే ప్రమాణం ఏది? గుజరాత్‌దా, తెలుగు రాష్ట్రాలదా?

నిమిషానికి ఎన్ని పదాలు?

కేంద్రం 2021 జులై 5న ‘నిపుణ్‌ భారత్‌’ ప్రారంభించింది. దాని ప్రకారం రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి ముగిసేసరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. పరీక్ష పద్ధతి సులువే. పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి కొత్త పేరా ఇస్తారు. నిమిషంలో సరిగ్గా చదివిన పదాలు లెక్కపెడతారు. ఆ తర్వాత పేరాపై ప్రశ్నలడుగుతారు. వేగం చూడటానికి కారణముంది. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లలు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. ఇక అర్థమయ్యేదేముంటుంది?

తెలుగు పదంతోనే చిక్కు

హిందీలో ‘మై జా రహా హూ’ అంటే నాలుగు పదాలు. గుజరాతీలో ‘హుం జావుం ఛుం’ మూడు. తెలుగులో ‘వెళ్తున్నాను’ ఒక్కటే. విభక్తులు, క్రియా ప్రత్యయాలు పదానికే అతుక్కోవడంతో మన పదాలు పొడవవుతాయి. ఆపైన ఒత్తులు. అంతే విషయాన్ని అంతే సమయంలో చదివినా తెలుగు పిల్లల లెక్కలో పదాలు తక్కువే పడతాయి. అన్ని భాషలకూ ఒకే అంకె పెడితే వారు వెనకబడినట్టు కనిపిస్తారు.

2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన పునాది అభ్యసన అధ్యయనం ఈ లోపాన్ని సరిదిద్దింది. సుమారు 10 వేల బడుల్లో 86 వేల మంది మూడో తరగతి పిల్లలను 20 భాషల్లో పరీక్షించి, ఏ భాషకు ఆ భాషలోనే ప్రమాణం నిర్ణయించింది. అంటే ఇక్కడ ప్రమాణం రాష్ట్రాన్ని బట్టి కాదు, భాషను బట్టి.

సగటులో కనబడని బడులు

దేశంలో ఎక్కువగా చర్చకొచ్చే ‘అసర్‌’ నివేదిక ప్రకారం 2024లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. కానీ అది గ్రామీణ సర్వే. సూరత్‌ నగరం అందులోకి రాదు. 2024 డిసెంబరు 4న జరిగిన ‘పరఖ్‌’ సర్వే జిల్లాల వారీగా ఫలితాలిస్తుంది. అయితే జిల్లా సగటులో గుజరాతీ బడులదే పైచేయి. కొద్దిపాటి తెలుగు బడుల సంగతి అందులో తేలదు. 2009లో మొదలైన గుజరాత్‌ ‘గుణోత్సవ్‌’ బడులకు గ్రేడ్లిస్తుంది. బడి గ్రేడు చూసి ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర ఆగిపోయిందో చెప్పలేం.

మరో మెలిక గుజరాతీ. 2023లో చేసిన చట్టంతో గుజరాత్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు గుజరాతీ బోధన తప్పనిసరైంది. తెలుగు మాధ్యమం పిల్లలు రెండు లిపులు నేర్చుకోవాలి. గుజరాతీ మెల్లగా చదివినంత మాత్రాన చదవడం రానట్టు కాదు. అలాగని దాన్ని వదిలేయడానికీ లేదు. ఆ నగరంలో పైచదువుకూ పనికీ అది కావాలి.

కాబట్టి రెండు కొలతలు విడివిడిగా ఉండాలి. తెలుగును తెలుగు ప్రమాణంతో, తెలుగు చదవగలిగినవారే పరీక్షించాలి. గుజరాతీని రెండో భాషగా చూడాలి. తప్పుడు కొలత చదవగలిగే పిల్లపై మొద్దు ముద్ర వేస్తుంది. కొలతే లేకపోతే ‘వలస పిల్లలు కదా’ అన్న సాకు కింద అసలు వెనకబాటు దాగిపోతుంది. మూడో తరగతిలో ఆ లోటు పట్టుకోకపోతే నాలుగు నుంచి లెక్కలు, పరిసరాల విజ్ఞానం కూడా చేజారతాయి. అవన్నీ చదివి నేర్చుకోవాల్సినవే మరి.