గడువు దాటిన కష్టము

ప్రకృతి కోపించినపుడు ప్రజల నాదుకొనుట రాజధర్మమని మన పూర్వులెఱుగుదురు. దుర్భిక్షము వచ్చినపుడు రాజు విత్తనములును గ్రాసమును ఒసగి ప్రజల ననుగ్రహింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. ఆ భారము రాజుపై నుంచబడినదే గాని ఆకలిగొన్నవానిపై గాదు. నేటి ప్రజాప్రభుత్వమును ఆ ధర్మము నంగీకరించి, 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టముతో దానికి శాసనబలము గూడ చేకూర్చినది. కాని ఆ ధర్మమునకును కష్టపడినవానికిని నడుమ ఒక చిన్నమాట అడ్డునిలిచియున్నది. అది ‘గడువు’. తుపానులో పోయిన పంట కొంత. గడువులో పోయిన పరిహారము కొంత. మొదటిదానికి సముద్రుని నిందింతుము. రెండవదాని కెవ్వరిని నిందింపవలయును?

గడువే యుండరాదని మా యభిప్రాయము గాదు. నీరు తీసిన పిమ్మట చేలో సాక్ష్యము మిగులదు. నెల గడచినచో ఏ మడి మునిగినదో, ఏది మునుగలేదో చెప్పుట గ్రామోద్యోగికే కష్టము. ప్రజాధనమును పంచునపుడు లెక్క ఉండవలెను. లెక్కకు కాలపరిమితియు ఉండవలెను. లేనిచో నిజముగ నష్టపోయినవానికంటె నేర్పరియగువాడు ముందుగ లాభము పొందును. కనుక విమర్శింపదగినది గడువు గాదు. గడువు నేర్పరచిన తీరు.

2016 ఖరీఫులో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనను చూడుడు. వడగండ్లు మొదలగు స్థానిక వైపరీత్యములచే ఒక రైతు చేను దెబ్బతినినను, కోసి చేలో ఆరవేసిన పంట 14 దినములలోపల తుపానుకో అకాలవర్షమునకో చెడినను, ఆ సంగతిని రైతే తెలియజేయవలెను. మొదట దీనికి 48 గంటల గడువుండెను. 2018లో దానిని 72 గంటలు చేసిరి. మూడు దినములు చాలవా యని పట్టణమున కూర్చుండి అడుగువారు కలరు. తుపాను వెలసిన తరువాతి మూడు దినములు మన తీరగ్రామములలో ఎట్లు గడచునో వారు తలచుకొనవలయును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినపుడు, కోసిన వరి పనలపై నీరు నిలిచెను. అట్టి వేళల స్తంభములు కూలియుండును, బాటలు తెగియుండును, టెలిఫోను పలుకదు. ఆ మూడు దినములలో రైతు వెదకునది పశువులను, త్రాగునీటిని, ఇంటికి కప్పును, దరఖాస్తును గాదు.

ఈ విధులలోనే మఱియొక విశేషము కలదు. పరిహారము చెల్లించుటలో బీమా సంఘములు జాగుచేసినచో నూటికి 12 వంతున వడ్డీ ఇయ్యవలెనని 2018 సవరణలలో నిర్ణయించిరి. రాష్ట్రప్రభుత్వము తన వాటా నిచ్చుటలో జాగుచేసినను అంతియే. మంచిదే. కాని త్రాసు ఎట్లు మొగ్గినదో చూడుడు. ధనమిచ్చువాడు ఆలస్యము చేసిన, వడ్డీతో సరి. పుచ్చుకొనువాడు ఒకపూట ఆలస్యము చేసిన, మొత్తమునకే సున్న. ఒకే తప్పునకు బలవంతునికి నూటికి పండ్రెండును, బలహీనునికి నూటికి నూఱును శిక్ష విధించుట ఏ న్యాయము?

వరిచేల మునకను 2018లోనే స్థానిక వైపరీత్యముల పట్టికనుండి తీసివేసిరి. కృష్ణా గోదావరి డెల్టాల రైతునకు మునకకంటె తఱచగు ఆపద ఏది? దానిని 2026 ఖరీఫునుండి మఱల చేర్చనున్నట్లు కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. సంతోషింపదగినదే. అయితే అందును 72 గంటల నియమమే. స్థలమును తెలుపు ఛాయాచిత్రములతో యాప్ ద్వారా నివేదింపవలెను. ఊరికి విద్యుత్తు లేని దినమున ఫోనుకు ప్రాణమెట్లు వచ్చునో ఆ నియమము చెప్పదు.

బీమా గాక ప్రభుత్వము నేరుగ నిచ్చు పెట్టుబడి రాయితీ వేఱు. పంట నూటికి 33 వంతులు గాని అంతకుమించి గాని నష్టమైనచో, నీటివసతిగల భూమికి హెక్టారునకు 17,000 రూపాయలు, రెండు హెక్టారులవఱకు ఇయ్యవచ్చునని 2022-26 సంవత్సరములకు కేంద్రము ప్రమాణము విధించెను. ఈ నష్టమును ఉద్యోగులే వచ్చి లెక్కింతురు. ఇచట గడువు లేదనిపించును. కాని ఆంధ్రప్రదేశమున ఈ-పంట నమోదులో పేరుండవలెను. రైతు వ్రేలిముద్రయు పడవలెను. ఆ నమోదునకు ఋతువువారీగ గడువు కలదు. అనగా, గాలివాన పుట్టకముందే కొందఱికి గడువు దాటిపోయినదన్నమాట!

ఆ కొందఱెవరు? విశేషముగ కౌలుదారులు. 2019వ సంవత్సరపు పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కౌలుదారునకు 11 నెలల కార్డు లభించును. దానికి భూస్వామి అంగీకారముగ సంతకము చేయవలెను. సంతకము చేసిన భూమి చేజారునేమో యని మనలో ననేకులు వెనుదీయుచున్నారు. యాజమాన్యపు హక్కునకు భంగము లేదని ఆ చట్టమే చెప్పుచుండగా ఈ భయమునకు ఆధారము లేదు. విత్తినవా డొకడు, మునిగినవా డొకడే. పరిహారము మాత్రము పట్టాదారు ఖాతాకు చేరుట ధర్మముగాదు. ప్రభుత్వపు గడువును నిందించుటకుముందు, మన కలముచేత ఎవ్వని గడువు దాటినదో మనమే విచారించుకొనవలయును.

పట్టణవాసులు ఇది రైతుల గొడవ యనుకొనరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు మునిగెను. క్రింది అంతస్తు మునిగిన యింటికి 25,000 రూపాయలును, పై అంతస్తులవారికి 10,000 రూపాయలును ఇచ్చెదమని రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. కాని నీట మునిగిన యింటివాడు ఇంట నుండునా? బంధువుల పంచ చేరినవాని తలుపున లెక్కగాండ్రకు తాళమే కనబడును. జాబితాలో పేరు లేనివారు మఱల దరఖాస్తులు పట్టుకొని తిరుగవలసివచ్చెను.

గడువు రాష్ట్రములనుగూడ విడిచిపెట్టదు. 2024 జులై 30వ తేదీన వయనాడులో కొండలు విఱిగిపడెను. పునర్నిర్మాణమునకై 529.50 కోట్ల రూపాయల వడ్డీలేని అప్పును కేంద్రము 2025 ఫిబ్రవరిలో మంజూరుచేసి, మార్చి 31లోపల వినియోగింపవలెనని షరతు పెట్టెను. మంజూరునకు ఆఱునెలలు దాటెను, వ్యయమునకు నెలన్నర!

దయతోగూడిన గడువు సాధ్యమేనా? సాధ్యమే యని దేశపు అత్యున్నత న్యాయస్థానము చూపినది. కోవిడ్‌వలన మరణించినవారి కుటుంబములకు 50,000 రూపాయల సాయము విషయమున, వెనుకటి మరణములకు 60 దినములు, ముందుకు జరుగువానికి 90 దినములు అని 2022 మార్చిలో గడువు విధించుచు, తీవ్రమైన కష్టముచేత ఆ కాలములో రాలేకపోయినవారు ఫిర్యాదుల సంఘమునకు చెప్పుకొనవచ్చునని ఆజ్ఞాపించెను. కోర్టు వ్యవహారములలోను తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించుటకు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము వీలుకల్పించినది. అప్పీలునకు వచ్చు వ్యాజ్యగానికి దొరకు మన్నింపు, ఇల్లు మునిగినవానికి దొరకరాదా?

కనుక మేము కోరునది స్వల్పము. గడియారము తుపాను వెలసిన క్షణమునుండి గాక, ఆ మండలమునకు బాటయు విద్యుత్తును మఱల వచ్చినట్లు అధికారి ప్రకటించిన దినమునుండి తిరుగవలెను. నోటిమాటగ చెప్పిన నష్టమునుగూడ గ్రామ సచివాలయమున వ్రాసికొని రసీదు ఇయ్యవలెను. ఆలస్యమునకు కారణము వినుటకు ప్రతి జిల్లాలో ఒక సంఘముండవలెను. రైతునకు గడువున్నచోట ప్రభుత్వమునకును గడువుండి, రెండింటి యుల్లంఘనకు శిక్ష సమానముగ నుండవలెను.

ఇక మన వంతు. ఊరిలో చదువుకొన్నవారు తుపాను వెలసిన మఱునాడే అరుగుపై కూర్చుండి చదువురానివారి దరఖాస్తులు వ్రాయవచ్చును. భూస్వాములు ఏరువాకకు ముందే కౌలుదారు కాగితముపై సంతకము చేయవచ్చును. దీనికి ప్రభుత్వపుటాజ్ఞ అక్కరలేదు. సముద్రమును ఆపుట మనచేత గాదు. మన సంతకమును ఆపకుండుట మనచేతనైన పనియే.